మగ్గం ఒప్పుకున్న గీత

మన సంఘం ఎట్లా మొదలైంది, ఎవరెవరు భుజాన వేసుకుని నడిపించారు అన్నది ఈ సంచికలో పెద్దలు రాస్తున్నారు. నేను డిజైన్ సంగతి ఒక్కటే రాస్తాను. నేల మీద పరిచే మన వరంగల్ కొత్తవాడ షత్రంజి ఇవాళ నగరాల్లో డ్రాయింగ్ రూముల్లోకి వెళ్లింది, కొన్ని ఇళ్లలో గోడ కూడా ఎక్కింది. అక్కడిదాకా చేరడానికి మగ్గం ఆగకుండా ఆడుతుండాలి. దాన్ని ఆడించింది మనలాంటి సహకార సంఘాలే.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉన్నాయి. అవి ముడులు వేసి నేసినవి. మొగలుల దండు వెంట దక్కనుకు వచ్చిన పారశీక పనివాళ్ల దగ్గర మనవాళ్లు ఆ విద్య నేర్చారని చెప్పుకుంటారు. ఏలూరు ఉన్ని తివాచీల గురించీ ఇదే మాట వింటాం. కాలం గడిచేకొద్దీ వరంగల్‌లో ముడుల పని సన్నగిల్లింది. నిలబడింది నూలు షత్రంజి. దీనికి ముడి లేదు, కుచ్చు లేదు. ఉన్నదంతా పడుగూ పేకా.

సంక్షేమ హాస్టళ్లకు షత్రంజీలు కావాలని సర్కారు ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టాక సంఘాలకు ఊపిరి వచ్చింది. సూరత్‌కో భీవండికో షోలాపూర్‌కో పోవలసిన ఎన్నో కుటుంబాలు ఆ ఆర్డర్ల వల్లే ఊళ్లో ఉండగలిగాయి. ఆ మేలు మరువరానిది. అయితే హాస్టల్ షత్రంజికి కావలసింది అడ్డచారలు. ఒక రంగు పేకతో కొంత మేర నేసి, రంగు మార్చి మళ్లీ నేస్తే చార పడుతుంది. పని తొందరగా సాగుతుంది, లెక్క సులువు. ఏళ్ల తరబడి అవే చారలు నేసిన చేతులు వేరే పనిని మరిచిపోసాగాయి. అన్నం పెట్టిన ఆర్డరే చేతిలోని విద్యనూ కట్టిపడేసింది. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాని కోసం రెండోదాన్ని దాచకూడదు.

ఆ మరుగున పడబోయిన విద్య ఇంటర్‌లాక్. దగ్గర కూర్చుని చూస్తేనే దాని అందం తెలుస్తుంది. ఇందులో పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క ఊపులో పోదు. ఒక్కో రంగుకు ఒక చిన్న నూలు ఉండ ఉంటుంది. ఎర్ర పోగు తన హద్దు దాకా వస్తుంది, అవతలి నుంచి నీలి పోగు అదే చోటికి వస్తుంది. రెండు పడుగు పోగుల నడుమ అవి ఒకదాన్నొకటి మెలేసుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతాయి. తరవాత వరసను గట్టిగా దగ్గరకు కొడతారు. రంగులు కలిసే చోట చీలిక ఉండదు. పెద్ద షత్రంజిలో ఒక్క వరసకే ఇట్లాంటి మెలికలు ఎన్నో పడతాయి. ఏ ఒక్కటి తప్పినా ఆ వరస విప్పుకోవలసిందే.

కొత్త డిజైన్ గీసేవాళ్లు ఈ మగ్గం ముందు తలవంచక తప్పదు. నిలువు గీత, అడ్డ గీత తేలిక. ఏటవాలు గీత మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. గుండ్రం మరీ కష్టం. షత్రంజిలో పడుగు పోగులు ఎడంగా ఉంటాయి, పేక దట్టంగా పడుతుంది. ఈ లెక్క తెలియకుండా మామూలు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపితే, గీసిన ఆకారం మగ్గం మీద అణిగిపోతుంది. “బిడ్డా, కాయితం మీద నిండు చందమామను గీసినవ్, మగ్గం మీద అది గుడ్డయితది” అని మన పెద్ద నేతగాళ్లు డిజైన్ చదువుకుని వచ్చిన పిల్లలకు చెప్పేవారు. ఆ మాట విని గళ్ల కొలత మార్చుకున్నవాళ్ల డిజైన్లే నిలిచాయి. పెద్ద పెద్ద రంగు పలకలు, విరిగిన చారలు, మెట్ల అంచులు, రంగు వేయని నూలును ఖాళీగా వదిలిన మైదానాలు: ఇవాళ్టి షత్రంజి నేతలో కొత్తగా కనిపించేదంతా మగ్గం ఒప్పుకున్న గీతల్లోంచి వచ్చిందే.

ఇక బజారు సంగతి. 1970ల్లో బొంబాయి వ్యాపారి శ్యామ్ అహూజా మన షత్రంజి లాంటి ఉత్తరాది దర్రీలను లేత రంగుల్లో నేయించి విదేశీ ఇళ్లకు చేర్చాడు. నేల మీద పరిచే చవక గుడ్డకు డిజైన్ విలువ ఉందని వ్యాపారులకు ఆయన చూపించాడు. మన షత్రంజికి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఈమధ్య షత్రంజి మీద కలంకారీ అచ్చులు అద్దుతున్నారు. అవి బాగానే అమ్ముడుపోతున్నాయి, అద్దకం వాళ్లకూ పని దొరుకుతోంది, సంతోషం. కానీ నేతలో పుట్టిన డిజైనుకు అది బదులు కాదని నా గట్టి నమ్మకం. అద్దకానికి తెల్లటి షత్రంజి నేసిస్తే చాలు. ఇంటర్‌లాక్ తెలిసిన చేతికి అక్కడ పని లేదు.

ఆ చేతికి పని దొరకాలంటే కూలి లెక్క మారాలి. చారల షత్రంజికి చెల్లినట్టు సైజును బట్టి కూలి కడితే ఇంటర్‌లాక్ నేసేవాడు నష్టపోతాడు. రోజంతా కూర్చున్నా వాడు నేసేది కొంచెమే. కొత్త డిజైనుకు మొదటి నమూనా నేయడం ఇంకా నిదానం. నేయడం, విప్పడం, రంగు మార్చి మళ్లీ నేయడం. ఆ రోజులకు విడిగా కూలి కట్టాలి. ప్రతి కొత్త డిజైనుకూ సంఘంలో ఒక దస్త్రం ఉండాలి. అందులో గ్రాఫు కాగితం, నూలు లెక్క, రంగుల తునకలతో పాటు గీసినవాళ్ల పేరు పక్కనే మొదట నేసినవాళ్ల పేరూ రాయాలి. అదే డిజైనుకు మళ్లీ ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ ఇద్దరికీ కొంత ముట్టాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టమని కోరుతున్నాను.