పొగగొట్టం మసి ఎవరు దులిపారు?



ఇంగ్లండులో కాపురముంటున్న మా పినతల్లి కూతురు మొన్న ఫోను చేసి, "అక్కా, మా ముందుగదిలో ఇటుకలతో కట్టిన చలిమంట పొయ్యి ఉందా, దాని మసి వదిలించేసరికి నా నడుం పడిపోయింది" అంది. ఎలా చేశావే అని అడిగాను. ముందు పొడి బ్రష్షుతో దులిపి, ఇటుకల మీద మంచినీళ్లు చిలకరించిందట. ఇటుకకి నీళ్లు పీల్చే గుణం ఉంది కదా! ముందే తడిసి ఉంటే మసినీళ్లని అంతగా లోపలికి లాక్కోదు. ఆ తర్వాత సబ్బునీళ్లతో రుద్ది, గుడ్డతో అద్ది తీసిందట. పైనున్న పొగగొట్టానికి మాత్రం ఏడాదికోసారి మనిషిని పిలుస్తుందట.

ఈ పొగగొట్టం సంగతే మీతో చెప్పాలని.

1666లో లండన్ నగరం తగలబడిపోయింది. మరుసటి ఏడు, ఇక ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలని చట్టం చేశారు. చలిదేశం, గదిగదికీ పొయ్యి. మండించేది బొగ్గు. దాని మసి జిడ్డుగా గొట్టంలో పేరుకుని ఒక్కోసారి అంటుకునేది కూడా. గొట్టమా, వంకరలు తిరిగి ఉండేది. వెడల్పు తొమ్మిది అంగుళాలు, రెండోవైపు పద్నాలుగు. మనం కూర్చునే పీట అంత కూడా లేదన్నమాట! అందులోకి మనిషి దూరాలంటే ఆ మనిషి పసివాడై ఉండాలి.

అయిదారేళ్ల పిల్లల్ని, ఎక్కువగా దిక్కులేనివాళ్లని, పని నేర్పే నెపంతో యజమానులు తీసుకునేవారు. గోడల రాపిడికి మోకాళ్లు, మోచేతులు చీరుకుపోతే, చర్మం మొద్దుబారాలని ఉప్పునీళ్లు పట్టించి మంట దగ్గర నిలబెట్టేవారు. రాత్రి పడక మసిగోతాల మీద. ఆ మసి రైతులు ఎరువుకి కొనేవారు కనుక దానికి ధర ఉండేది. 1775లో పెర్సివాల్ పాట్ అనే వైద్యుడు, ఈ పని చేసినవారికి వచ్చే ఒక రకం క్యాన్సరుకి మసే కారణమని రాశాడు. ఒంటి మీద ఏళ్ల తరబడి నిలిచిన మసి!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోరాదని 1788లోనే అన్నారు. చూసేవాడేడీ? 1803లో జార్జ్ స్మార్ట్ అనే ఆయన, ఒకదానికొకటి తగిలించే గొట్టపు కర్రలతో పొడుగాటి బ్రష్షు తయారుచేశాడు. చాలామట్టుకు పొగగొట్టాలకి అది సరిపోయేది. మరి ఎందుకు వాడలేదు?

ఇక్కడే నాకు గుండె కలుక్కుమంది. వద్దన్నవారిలో ఇల్లాళ్లు కూడా ఉన్నారు. బ్రష్షు పెడితే తివాచీల మీద మసి రాలుతుంది, పిల్లవాడైతే మూలమూలా గీకుతాడు అన్నారు. గొట్టం వంకరలు సరిచేయించడానికి డబ్బు పెట్టడం ఇంటివారికి ఇష్టం లేదు. 1819లో ప్రభువుల సభ నిషేధం బిల్లును తోసిపుచ్చింది. 1840లో 21 ఏళ్ల లోపువారిని ఎక్కించరాదని చట్టమొచ్చినా, పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ అనే ఊళ్లో ఆసుపత్రి పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే కుర్రవాడు ఇరుక్కున్నాడు. గోడ పగలగొట్టి తీశారు గానీ ప్రాణం దక్కలేదు. ఆ ఏడే షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి, మసి దులిపేవారికి లైసెన్సు ఉండాలని, దాన్ని పోలీసులు చూడాలని చట్టం చేయించాడు. అప్పటికి ఆగింది. బ్రష్షు వచ్చి 72 ఏళ్లు!

ఆ ఇల్లాళ్లని తిట్టుకుంటూ చదివాను. ఇంతలో మా వంటింటి అటక గుర్తొచ్చింది. ఒక సంక్రాంతికి ముందు, నేను పట్టననీ, పనిమనిషి కూతురు సన్నగా ఉందనీ, బూజు దులపమని ఆ పిల్లని అటక ఎక్కించాను. తొమ్మిదేళ్లుంటాయేమో. తుమ్ముకుంటూ దిగితే చేతిలో పటికబెల్లం ముక్క పెట్టి, ఎంత దయగలదాన్నో అనుకున్నాను.

పొడుగాటి బూజుకర్ర బజార్లో అప్పుడూ ఉంది. నేను కొన్నది మరో రెండేళ్లకి.