మాధవరాయుడి గుడి, చిత్రావతి గట్టు: గోరంట్ల స్థల చరిత్ర

గోరంట్ల పేరు మీద శాసనాలు వెతికేవాళ్లకు ముందుగా ఎదురయ్యేవి ఆనందగోత్రిక రాజు అత్తివర్మ రాగిరేకులు. వాటిని చూసి అనంతపురం సీమ గోరంట్లకు లేని ప్రాచీనత అంటగట్టకూడదు. అవి గుంటూరు వైపు గోరంట్లవి. ఈ వ్యాసం చర్చించేది పెనుకొండకు ఆగ్నేయంగా, హిందూపురం నుంచి కదిరికి పోయే దారిలో, చిత్రావతి ఒడ్డున వెలిసిన ఊరిని.

ఊరికి గుర్తు మాధవరాయస్వామి ఆలయం. విజయనగర శైలి రాతి కట్టడం. లేపాక్షికి వెళ్లే యాత్రికుల్లో ఇక్కడ ఆగేవాళ్లు అరుదు. అయినా ఈ గుడిని ఒంటరి కట్టడంగా చూస్తే దాని చరిత్ర అర్థం కాదు, పెనుకొండతో కలిపే చూడాలి. మొదటి బుక్కరాయల కొడుకు విరుపణ్ణ ఒడయరు పెనుకొండను పాలించిన సంగతి అక్కడి 1354 నాటి శాసనం చెబుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం ముగిశాక రాజధాని పెనుకొండకే మారింది. అంత దగ్గరి ఊళ్ల మీద రాచనగరు నీడ పడకుండా ఎలా ఉంటుంది?

ఇక నీళ్లు. నంది కొండల ప్రాంతంలో పుట్టి, బాగేపల్లి మీదుగా వచ్చే చిత్రావతి ఏడాది పొడుగునా పారే నది కాదు. గోరంట్ల దాటి పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం వైపు సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం సీమలో ఏటిని నమ్ముకుంటే చాలదు, చెరువు కట్టక తప్పదు. పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు. పెన్న నీటిని పెనుకొండకు తేవాలని బుక్కరాయలు (రెండో బుక్కడు) ఆజ్ఞాపించగా, జలసూత్రం తెలిసిన సింగాయభట్టు కల్లుడి నుంచి సిరువెర చెరువుదాకా కాలువ తవ్వించాడని గౌరీబిదనూరు సీమలోని 1388 నాటి శాసనం చెబుతుంది. పనిచేసిన నిపుణుడి పేరు పాలకుడి పేరు పక్కన నిలవడం మన శాసనాల్లో తరచుగా కనిపించే సంగతి కాదు!

తర్వాతి మలుపులు క్లుప్తంగా: 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేశాడు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లా విడిపోయింది. 2009 ఎన్నికలతో గోరంట్ల శాసనసభ నియోజకవర్గం పోయి, మండలం పెనుకొండలో కలిసింది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది.

చెనిక్కాయ చేలకు పేరుపడ్డ ఈ మండలంలోనే, పాలసముద్రం దగ్గర 500 ఎకరాల్లో కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల జాతీయ అకాడమీ (నాసిన్) వెలిసింది. 2024 జనవరి 16న ప్రధాని దాన్ని ప్రారంభించారు. అదే రోజు ఆయన లేపాక్షి గుడికీ వెళ్లారు.

ఇలాంటి ఊళ్ల చరిత్రను ఎలా నమోదు చేయాలో చూపే నమూనా ఒకటి బయట ఉంది. వేల్స్‌లో 1908లో రాయల్ కమిషన్ ఏర్పడి, పల్లె పల్లెలోని పాత కట్టడాలను నమోదు చేసే పని మొదలుపెట్టింది. మాంట్‌గోమరీ కౌంటీ సంపుటం 1911లోనే వెలువడింది. మనకూ కావలి సోదరులు కుంఫిణీ సర్వేయరు మెకంజీ కోసం సేకరించిన కైఫీయతులు (ఊళ్ల స్థానిక చరిత్రలు) ఉన్నాయి, శాసన సంపుటాలు ఉన్నాయి. గుడి, చెరువు, తూము, వీరగల్లు, పాత దారి: ఈ ఆధారాలన్నింటినీ ఒకచోట చేర్చి మండలానికొక స్థల చరిత్ర రాయించే పనిని మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు చేపట్టాలి. గోరంట్ల మండలంతోనే మొదలుపెట్టవచ్చు.