కంపన మోడ్‌ల సంయోజనం

రెస్పాన్స్ స్పెక్ట్రమ్ పద్ధతిలో భూకంప విశ్లేషణ చేసినప్పుడు, కట్టడం ఊగే ఒక్కో తీరుకు, అంటే ఒక్కో మోడ్‌కు, విడివిడిగా వచ్చిన గరిష్ఠ ఫలితాలను కలిపి డిజైన్‌కు పనికొచ్చే ఒకే విలువ తేల్చడాన్ని మోడ్‌ల సంయోజనం అంటారు. ఏ మోడ్ గరిష్ఠంగా ఎంత స్పందిస్తుందో స్పెక్ట్రమ్ చెబుతుంది, ఏ క్షణాన అన్నది చెప్పదు. అన్ని మోడ్‌లూ ఒకే క్షణంలో శిఖరానికి చేరవు కనుక నేరుగా కూడితే ఎక్కువవుతుంది. ఎంత తగ్గించాలన్న దానిపైనే పద్ధతుల మధ్య తేడాలు.

ప్రాంతం, జోన్‌లు

మోడ్‌ల లెక్క తప్పనిసరా కాదా అన్నది కట్టడం ఉన్న భూకంప జోన్‌ను బట్టి కూడా ఉంటుంది; ఉదాహరణకు తెలంగాణలోని మూడు జిల్లాలు చూద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఉమ్మడి వరంగల్ నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. భూకంపాల విషయంలో మూడింటినీ ఒక్కగాటన కట్టలేం. భూపాలపల్లి గోదావరి పగులు లోయను ఆనుకుని ఉంది. జనగామ పడమటి గట్టి రాతినేల మీద ఉంది. 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కు ములుగు జిల్లాలో వచ్చిన భూకంప తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం నమోదు చేసింది. 2019 ఫిబ్రవరి వరకు ములుగు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది కనుక పాత జిల్లా పటంతో పనిచేసేవారు ఈ ప్రకంపనను ఆ పేరుతోనూ గుర్తించవచ్చు. అంతకుముందు చెప్పుకోదగ్గది 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపం. దాని తీవ్రతను కొన్ని జాబితాలు 5.7గా, మరికొన్ని 5.3గా చూపుతాయి. మొదటి అంకె ఎక్కువగా ప్రచారంలో ఉంది.

భారత భూకంప కోడ్ ఐఎస్ 1893 మొదటి భాగం 2016 ప్రచురణ ప్రకారం జోన్-2లో 15 మీటర్లలోపు ఎత్తుండి, క్రమాకృతిలో ఉన్న భవనాలకు తప్ప మిగతా అన్నింటికీ డైనమిక్ విశ్లేషణ చేయాలి. జోన్-2లోకి వచ్చే జనగామలో నాలుగంతస్తుల సాదా భవనానికి స్టాటిక్ లెక్క సరిపోవచ్చు. గోదావరి వెంట జోన్-3 పట్టీలో రెండంతస్తుల భవనానికైనా మోడ్‌లు తీయాల్సిందే. మహబూబాబాద్ వైపు సరిహద్దు గీతను పటం దగ్గరగా చూసి తేల్చుకోవడం మేలు. జోన్ గుణకం జోన్-2కు 0.10, జోన్-3కు 0.16.

పద్ధతుల చరిత్ర

వర్గాల మొత్తపు వర్గమూలం తీసే పద్ధతిని ఇంజనీర్లు ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. దీన్ని మెక్సికో ఇంజనీరు ఎమిలియో రోసెన్‌బ్లూత్ 1951 నాటి ఇలినాయ్ పరిశోధనకు ఆపాదించడం పరిపాటి. గుడ్‌మన్, రోసెన్‌బ్లూత్, న్యూమార్క్ ముగ్గురి 1953 వ్యాసాన్ని మూలంగా చెప్పేవారూ ఉన్నారు. వ్యాసం పరిశోధన తర్వాతిది కనుక మొదటి తేదీనే పట్టుకోవడం సబబుగా తోస్తుంది. దగ్గరి పీరియడ్‌లున్న మోడ్‌ల మధ్య సంబంధాన్ని లెక్కలోకి తెచ్చిన రోసెన్‌బ్లూత్, ఎలోర్డుయ్ సూత్రం 1969 నాటిది. ఈ సంబంధాన్ని లెక్కించే పద్ధతికి నేడు వాడుకలో ఉన్న సీక్యూసీ (కంప్లీట్ క్వాడ్రాటిక్ కాంబినేషన్) రూపాన్ని డెర్ కియురేఘియన్ రూపొందించారు. విల్సన్, డెర్ కియురేఘియన్, బాయో కలిసి 1981లో రాసిన వ్యాసంతో అది సాఫ్ట్‌వేర్‌లలోకి పాకింది.

మన కోడ్‌లో 1984 ప్రచురణ దారి వేరు. నేరు మొత్తాన్నీ ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ ఫలితాన్నీ భవనం ఎత్తును బట్టి కొంత కొంత పాళ్లలో కలిపేవారు. 20 మీటర్ల లోపైతే ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ వాటా 0.40, 90 మీటర్లకు 1.00. మూడు మోడ్‌ల బేస్ షియర్ 300, 120, 40 కిలోన్యూటన్లు అనుకుంటే నేరు మొత్తం 460, ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ 326, ఆ పాత సూత్రంతో పొట్టి భవనానికి 406. పాత డ్రాయింగులను కొత్త సాఫ్ట్‌వేర్‌తో సరిచూసేటప్పుడు తేడా ఎక్కడిదని జుట్టు పీక్కునేవారు ముందు ఈ సూత్రాన్ని గుర్తుచేసుకోవాలి. 2002 ప్రచురణతో సీక్యూసీ వచ్చింది.

దగ్గరి మోడ్‌లు

రెండు మోడ్‌ల ఫ్రీక్వెన్సీల తేడా చిన్నదానిలో 10 శాతానికి మించకపోతే కోడ్ వాటిని దగ్గరి మోడ్‌లుగా చూస్తుంది. వాటిని గుర్తులు వదిలేసి నేరుగా కూడి, ఆ మొత్తాన్ని మిగతావాటితో ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ చేయడం ప్రత్యామ్నాయంగా అనుమతించింది. ఈ పది శాతం గీత సౌలభ్యం కోసం గీసినదే. 5 శాతం డ్యాంపింగ్‌తో ఫ్రీక్వెన్సీల నిష్పత్తి 0.95 అయితే సహసంబంధ గుణకం సుమారు 0.79, 0.90 దగ్గర 0.47, 0.50 దగ్గరికొచ్చేసరికి 0.02. ఇది క్రమంగా తగ్గేదే, 0.90 దగ్గర తెగిపోయేది కాదు.

మెలితిరిగే భవనాల్లో తేడా బాగా బయటపడుతుంది. నిష్పత్తి 0.95 ఉన్న రెండు మోడ్‌లు ఒక ఫ్రేమ్‌కు 200, 180 కిలోన్యూటన్లు ఇచ్చాయనుకుందాం. ఒకే దిశవైతే సీక్యూసీ 360 ఇస్తుంది. అదే భవనంలో అవతలి అంచు ఫ్రేమ్‌కు ఒకటి ధనం, ఒకటి రుణం అయితే 124. ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ రెండింటికీ 269 అంటుంది, నేరు కూడిక రెండింటికీ 380. మొదటి ఫ్రేమ్‌కు తక్కువ చూపి రెండోదానికి ఎక్కువ చూపడమన్నది ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ మీద గట్టి అభ్యంతరం. సీక్యూసీని ఎంచుకోవడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో

ఈట్యాబ్స్‌లో పద్ధతిని మెనూలో ఎంచుకుంటారు, స్టాడ్‌లో స్పెక్ట్రమ్ ఆదేశంలోనే రాస్తారు. మోడ్‌ల సంఖ్యను మాత్రం ప్రోగ్రాం ముందే పెట్టిన అంకెకు వదిలేయకూడదు: తీసుకున్న మోడ్‌ల ద్రవ్యరాశి మొత్తం కట్టడం ద్రవ్యరాశిలో కనీసం 90 శాతం చేరిందో లేదో చూసుకోవాలి. డైనమిక్ బేస్ షియర్ స్టాటిక్ విలువ కంటే తక్కువొస్తే ఆ నిష్పత్తితో ఫలితాలన్నీ పెంచాలి.

సంయోజనం అయ్యాక విలువలన్నీ ధనాత్మకమే. అవి ఒకే క్షణానివి కావు కనుక ఒక జాయింటు దగ్గర బీముల, కాలమ్‌ల మూమెంట్లను కూడితే సమతుల్యం కనిపించదు. అది దోషం కాదు. ప్రబలమైన మోడ్ గుర్తును తగిలించే సౌకర్యం కొన్ని ప్రోగ్రాంలలో ఉంది, దాన్ని ఆచితూచి వాడాలి. స్టోరీ డ్రిఫ్ట్ (అంతస్తుల మధ్య సాపేక్ష కదలిక) దగ్గర ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. మొదటి మోడ్‌లో మూడో అంతస్తు 20, నాలుగోది 26 మిల్లీమీటర్లు, రెండో మోడ్‌లో +1, −4 కదిలాయనుకుంటే డ్రిఫ్ట్‌లు 6, −5, వాటి ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ 7.8. కలిపేసిన స్థానభ్రంశాలను తీసివేస్తే 6.3 మాత్రమే వస్తుంది. ముందు ప్రతి మోడ్‌లో కావలసిన రాశిని లెక్కగట్టి, తర్వాతే కలపాలి.

గుండ్రటి కట్టడాలు

ఊరూరా కనిపించే గుండ్రటి ఓవర్‌హెడ్ ట్యాంకులకూ, భూపాలపల్లి దగ్గరి చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో ఉన్నలాంటి పొగగొట్టాలకూ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇలాంటివాటికి ఒకే పీరియడ్‌తో రెండు మోడ్‌లు లంబ దిశల్లో వస్తాయి. వాటి అక్షాలను ప్రోగ్రాం తనకు తోచినట్టు తిప్పుకోవచ్చు. 45 డిగ్రీలు తిప్పితే, తూర్పు-పడమర కదలికలో నిజంగా రావాల్సిన విలువ రెండు మోడ్‌లకూ సగం సగంగా పంచుకుపోతుంది. ఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ వాటిని కలిపి 0.71 వంతే చూపుతుంది. ఏమీ రాకూడని ఉత్తర-దక్షిణ దిశలోనూ అంతే చూపుతుంది. సహసంబంధ గుణకం 1 కనుక సీక్యూసీ మొదటి దిశలో పూర్తి విలువనూ రెండోదానిలో సున్నానూ ఇస్తుంది. పొగగొట్టాలకు ఐఎస్ 1893 నాలుగో భాగం, ట్యాంకులకు రెండో భాగం వర్తిస్తాయి.