తీయుట, తీయించుకొనుట, దిగుట : దక్కను ఛాయాచిత్రశాలను గూర్చిన పరిశీలనము

ఛాయాచిత్రమును గూర్చి తెలుగున మూడు క్రియలు వాడుకలో నున్నవి. ఛాయాగ్రాహకుడు ఫోటో తీయును. చిత్రశాలకు వచ్చిన గృహస్థు ఫోటో తీయించుకొనును. అతడే బంధుమిత్రులతో కూడి కూర్చుండినచో, అందరును ఫోటో దిగిరందుము. మొదటి క్రియకు కర్త ఛాయాగ్రాహకుడు. రెండవదానికి కర్త గృహస్థు. ప్రేరణార్థకమును, ఆత్మార్థకమును అందు కలసియున్నవి. అనగా చేయించినవాడును, ఫలము పొందినవాడును అతడే. మూడవదానిలో ఛాయాగ్రాహకుని ప్రసక్తియే లేదు. ఏటిలో దిగినట్లు, బరిలో దిగినట్లు, జనులు తెలిసి, సిద్ధపడి, పటములోనికి దిగుదురు. పాత ఛాయాచిత్రములను గూర్చి వ్రాయువారు ఈ భాషాసాక్ష్యమును అంతగా పాటించినట్లు లేదు. తీసినవానినే వారు కర్తగా నెంచుదురు. తీయించుకొనినవానికి అందు ఎంత పాలు గలదో విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఇట్టి విచారణ తెలుగు శాఖలోనివారికేల యని కొందరు శంకింపవచ్చును. నన్నయ తిక్కనాదుల రూపములు మనకు తెలియవు. గ్రంథములలో కనబడు వారి ముఖములు తరువాతి చిత్రకారుల ఊహలు. వీరేశలింగము (1848–1919), గురజాడ అప్పారావు (1862–1915) గార్ల తరము మొదలుకొని మన రచయితల ముఖములు ఛాయాచిత్రముల వలననే లోకమునకు పరిచితములైనవి. జీవితచరిత్రలు వ్రాయువారు ఆ కాలపు పటములను చూచి 'గంభీరమూర్తి' యనియు, 'నిశ్చలదృష్టి' యనియు వర్ణించుట పరిపాటి. ఆనాటి చిత్రశాలలలో తల కదలకుండుటకై వెనుక ఇనుప ఊత నిలుపుట కలదనియు, కొన్ని క్షణములు ఊపిరి బిగబట్టుడని చెప్పుట కలదనియు వారు స్మరింపరు. పటములోని గాంభీర్యమునంతయు మనిషి స్వభావమునకు కట్టిపెట్టుట తొందరపాటు.

మన ప్రాంతమునకు సంబంధించినంతవరకు ఈ విషయమున ముందుగా చెప్పదగినవాడు లాలా దీన్‌దయాళ్. ఇతడు 1844లో మీరటు సమీపమునందలి సర్ధనాలో జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇండోరు చేరి, పనుల శాఖలో అంచనాలు కట్టుటకును, నక్షాలు గీయుటకును కుదిరెను. కెమెరా అతని చేతికి వచ్చినది 1870 దశకమున. 1886లో లెపెల్ గ్రిఫిన్ ప్రకటించిన మధ్యభారత కట్టడముల గ్రంథమునందలి చిత్రములు ఇతడు తీసినవే. ఆ దశకముననే హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. 1894లో నిజాము ఇతనికి 'రాజా ముసవ్విర్ జంగ్' అను బిరుదము నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలోను ఒక శాల తెరచెను.

కట్టడములు తీసి పేరు వడసినవాడు మనుష్యులను తీయుటకు పూనుకొనినప్పుడు పని స్వరూపమే మారినది. కోటగోడ తన్నెట్లు చూపవలెనో చెప్పదు. మనిషి చెప్పును, నోట చెప్పకున్నను, కట్టుకొని వచ్చిన బట్టలతో, పెట్టుకొని వచ్చిన నగలతో, వెంట తెచ్చిన బిడ్డతో చెప్పును. సికింద్రాబాదు దండు విడిసియుండిన పట్టణము. స్వదేశమునందలి బంధువులకు పంపుకొనుటకు చిన్న అట్టపటములు కోరు ఆంగ్లోద్యోగులొక వంక, పరివారముతోను, కత్తితోను, పతకములతోను కనబడగోరు అమీరులొక వంక నుండిరి. ఇద్దరికిని పనికివచ్చునట్లు ఒకే కొట్టును నడపవలసి యుండెను.

ఈ అవసరము ఎంతవరకు పోయినదో 1892లో హైదరాబాదున వెలసిన జనానా చిత్రశాల తెలుపును. గోషా పాటించు స్త్రీలు పరపురుషునియెదుట కూర్చుండరు. కావున ఎత్తైన గోడలచాటున, మగవారికి ప్రవేశము లేని యొక శాల నేర్పరచి, దానిని నడపుటకు కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల మహిళను దీన్‌దయాళ్ నియమించెను. ఇది కేవలము వర్తక చాతుర్యమనువారు కలరు. వర్తకమే కాదని మేమును అనము. కాని భంగిమను మార్చుట వేరు, కెమెరా వెనుక నిలుచువారినే మార్చుట వేరు. ఇచ్చట తీయించుకొనువారి ఆచారము తీయువారెవరో నిర్ణయించినది. గోషా పద్ధతిని గూర్చి పలువురు పలువిధముల వ్రాసిరి. ఆ స్త్రీలు తమ షరతులపై పటములోనికి దిగిరను నంశము మాత్రము ఆ వ్రాతలలో అరుదు.

ఇక పటములోని రంగుల సంగతి. దీనిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన పరిశోధకులు మోసపోవునది ఇచ్చటనే. ఆ కాలమునందలి సాధారణపు గాజు పలకలపై పూసిన మందు నీలపు వెలుగును బాగుగ గ్రహించును. పసుపును కొంచెముగా గ్రహించును. ఎరుపును దాదాపు గ్రహింపదు. తత్ఫలితముగా ఆకాశవర్ణపు తలపాగ తెల్లనిదై కనబడును. ఎఱ్ఱని పట్టుచీర నల్లనిదగును. నుదుటి కుంకుమ కాటుకచుక్కవలె నుండును. పసుపు రాసుకొనిన ముఖము ఉన్నదానికంటె నల్లబడి తోచును. ఇట్టి పటమును చూచి, ఆ చీర నల్లచీరయనియు, ఆ యింట శుభకార్యములకు నలుపు నిషిద్ధము కాదనియు నిర్ణయము చేసినచో ఎంత ప్రమాదమో ఊహింపుడు. ఎరుపును సైతము గ్రహింపగల పలకలు ఇరువదవ శతాబ్దిలోగాని అంగడికి రాలేదు.

ముఖము నల్లబడినదని గృహస్థు ఆక్షేపించినచో దానికి మందు చిత్రశాలలోనే యుండెను. సన్నగా చెక్కిన సీసపుకడ్డీ పెన్సిలుతో పలకపై గీతలు గీసినచో అచ్చులో ఆ చోటు తెల్లబడును. స్ఫోటకపు మచ్చలు, నుదుటి ముడుతలు, కంటిక్రింది నీడ ఇట్లు మాయమగును. దీనిని అబద్ధమనవలెనా? వెలుగు చేసిన యన్యాయమును చేయి సరిదిద్దినదనియు చెప్పవచ్చును. పలకను తలక్రిందు చేసి, అనగా మందు పూసిన ప్రక్కకు మారుగా రెండవ ప్రక్కనుండి అచ్చు తీసినచో కుడి యెడమలు తారుమారగును. ఎడమ భుజముపై నుండవలసిన యజ్ఞోపవీతము కుడి భుజముపై కనబడినంతనే ఆ గృహస్థు పితృకార్యమున నున్నాడని వ్రాయుటకు ముందు, ఆ పటములో ఏవైన అక్షరములున్నచో అవి తిన్నగా నున్నవా యని చూచుట మేలు.

చిత్రశాలలోని వస్తువులును అట్టివే. స్తంభములు, మెట్లు, తోటలు వ్రాసిన వెనుకటి తెర, చెక్కడపు కుర్చీ, తివాసి, చిన్న బల్ల, దానిపై పుస్తకము : ఇవి శాలకు చెందినవి, ఇంటికి చెందినవి కావు. చదువు రానివారును ఆ పుస్తకముపై చేయి యుంచి దిగిరి. పట్టభద్రుల గౌనును శాలలో అద్దెకు దొరకెడిది. కావున పటము మనిషి ఎట్లు జీవించెనో చెప్పదు. ఎట్లు కనబడగోరెనో చెప్పును. చరిత్రకారునకు రెండవది తక్కువ విలువ గలదని మేమనుకొనము.

ఆ కోరిక కెట్టి తావును లేని పటములును కలవు. 1868 నుండి 1875 వరకు లండనులో ఎనిమిది సంపుటములుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అను ప్రభుత్వ ప్రచురణమున ఈ దేశపు జనులు కులముల, తెగల నమూనాలుగా ముద్రితులైరి. దీన్‌దయాళ్ చిత్రశాలయు ఇందుకు పూర్తిగ వెలి కాదు. 1899–1900 నాటి కరవులో ఔరంగాబాదు ప్రాంతమున జరిగిన సహాయపు పనులను నిజాము ప్రభుత్వము పక్షమున ఆ శాలవారు చిత్రించిరి. ఆస్థానపు దర్బారులను తీసిన శాలయే ఇచ్చట గంజికేంద్రముల యెదుట నిలచినది. ఈ రెంటి భేదము నేర్పులో లేదు, పలకలో లేదు. కరవుపటములలోనివారు ఫోటో తీయించుకొనలేదు, దిగలేదు; తీయబడిరి. తెలుగువాడుకలో సాధారణముగా చోటులేని యీ కర్మణి ప్రయోగము ఇచ్చట మాత్రము ఒప్పుచున్నది.

కాలక్రమమున ఈ విద్య సంస్థానములను దాటి చిన్న పట్టణములకు వ్యాపించెను. ఫోటో తీసినచో ఆయుస్సు తగ్గునను భయము మొదట నుండెడిది. ఆ భయమే ఒక విచిత్ర పరిణామమునకు దారితీసెను : బ్రతికియుండగా దిగని పెద్దలకు మరణానంతరము కుర్చీలో కూర్చుండబెట్టి పటము తీయించిన యిండ్లు కలవు. అట్టి ముఖమునకు కన్నులు తెరచియున్నట్లు పెన్సిలుతో దిద్దుటయు ఛాయాగ్రాహకుని పనియే. పిమ్మట ఆ పటము దేవుని పటముల సరసన చేరి, దండయు, కుంకుమబొట్టును అందుకొనును. దేవుని బొమ్మకును తాతగారి ఫోటోకును 'పటము' అను నొకే మాట చెల్లుటకు కారణము గోడపై వాటి పొత్తే యని మా యూహ.

గోడపై నున్నంతకాలము పేరుతో పనిలేదు. ఇంటిలో అందరికిని తెలియును. చిక్కు వచ్చునది మూడవ తరమున. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల ప్రతిమను, ఆయన దేవేరుల ప్రతిమలను మనము గుర్తించుచున్నామన్నచో, వాటిపై పేర్లు చెక్కియుండుటయే ప్రధానాధారము. రాయలు చేయించిన యేర్పాటు మన యింటి పటములకు లేదు. చిత్రశాలలవారు పలక మూలన ఒక సంఖ్య గీతురు. ఆ సంఖ్యకెదురుగా పేరు చిట్టాలో నుండును. దీన్‌దయాళ్ 1905లో మరణించెను. అతని శాలకు చెందిన 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము కొని భద్రపరచినది. ఇతర పట్టణములలోని శాలల పలకలకు అట్టి భాగ్యము లేకపోయెను. మందు కడిగివేసి, ఆ గాజును పటములకు అద్దముగా బిగించినవారు కలరు; ఒకరి రూపము చెరిపిన గాజు వెనుక మరియొకరి రూపము నిలచినది. చిట్టాలు అంతకు ముందే చిత్తు కాగితముల క్రింద పోయినవి. కవుల జీవితములపై పనిచేయు విద్యార్థులు వారి స్వగ్రామములకు పోయినప్పుడు వ్రాతప్రతుల నడుగుటతోపాటు, గోడమీది పటములను దింపించి, అట్ట వెనుక శాల పేరు, సంఖ్య ఉన్నవేమో చూచి, ఆ యింటి ముసలివారిచేత ఎడమనుండి కుడికి వరుసగా పేర్లు చెప్పించి వ్రాసికొనవలెను.