రెండు వైపుల లెక్క: లీడ్స్ పసిపిల్లలు, కోరింత దగ్గు టీకా

పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే అంటువ్యాధులలో కోరింత దగ్గు పాతది, మొండిది. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బాక్టీరియా శ్వాసనాళపు లోపొరను అంటిపెట్టుకొని విషాన్ని వెలువరిస్తుంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివర ఊపిరి పీల్చేటప్పుడు కూత వినిపిస్తుంది. నెలల పసికందులలో ఆ కూత కూడా ఉండకపోవచ్చు. ఊపిరే కాసేపు ఆగిపోవచ్చు. ఈ జబ్బుతో పోయిన శిశువులలో చాలామందిని బలిగొన్నది దాని వెంట వచ్చే న్యుమోనియా. టీకా రాకముందు ఇంగ్లండు, వేల్సులలో ఏటా లక్షకు పైగా కేసులు నమోదయ్యేవి.

బోర్డే, జెంగూ 1906లో ఈ బాక్టీరియాను వేరుచేసిన తరువాత టీకాలు చాలానే వచ్చాయి. అవి పనిచేస్తాయా లేదా అన్నది మాత్రం తేలలేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ 1930లలో తమ టీకా మంచి రక్షణ ఇచ్చిందని చూపారు. యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డులో జరిపిన పరీక్షలో బ్రిటిష్ టీకా చెప్పుకోదగ్గ ఫలితం చూపలేదు. రెండు దేశాలు, రెండు జవాబులు.

ఈ చిక్కును విప్పడానికి బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1946లో క్షేత్ర పరీక్షలు మొదలుపెట్టింది. లీడ్స్, మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డు నగరాలతో పాటు లండన్ వైపున ఉన్న టాటెన్‌హామ్, వెంబ్లీ ఇందులో పాల్గొన్నాయి. తల్లిదండ్రులు ఇష్టపూర్వకంగా తీసుకువచ్చిన, ఆరు నుంచి పద్దెనిమిది నెలల వయసున్న పిల్లలను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు కోరింత దగ్గు టీకా. రెండవ జట్టుకు ఆ బాక్టీరియా లేని మరొక టీకా. ఎవరికి ఏది పడిందో తల్లులకూ తెలియదు, ఇంటింటికీ తిరిగి పిల్లలను గమనించిన నర్సులకూ తెలియదు. ఈ పద్ధతికి రూపకల్పన చేసినవారిలో గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒకరు.

ఫలితాలు 1951లో వెలువడ్డాయి. టీకా పొందిన 3,801 మందిలో 149 మందికి జబ్బు సోకింది. పొందని 3,757 మందిలో 687 మందికి సోకింది. ఇంట్లోనే మరొకరికి జబ్బు వచ్చి, దాన్ని తప్పించుకునే వీలు లేని పిల్లలలో తేడా ఇంకా స్పష్టం: టీకా లేనివారిలో నూటికి 87 మంది, ఉన్నవారిలో 18 మంది జబ్బు పడ్డారు. ఈ జవాబుకు ఒక మూల్యం ఉంది. రెండవ జట్టులోని పిల్లలు రక్షణ లేకుండా మిగిలారు. అప్పటికి జవాబు ఎవరికీ తెలియదు కనుకనే ఆ పరీక్ష న్యాయమైంది. వారు ఉన్నందువల్లనే జవాబు నమ్మదగినదైంది.

1957లో టీకా దేశవ్యాప్తమైంది. 1970ల ఆరంభానికి కేసులు ఏడాదికి కొన్ని వేలకు పడిపోయాయి. అదే దశకంలో కథ అడ్డం తిరిగింది. 1974లో లండన్ వైద్యులు కొందరు, టీకా తరువాత నరాల జబ్బులకు లోనైన 36 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆ పిల్లల బాధ నిజం. అయితే టీకా వేయించుకోని పిల్లలలో అలాంటి జబ్బులు ఎంతమందికి వస్తాయన్న లెక్క అందులో లేదు. మూర్ఛలు తొలిసారి కనిపించే వయసు, టీకాల వయసు ఒకటే కావడంతో, వెంట వచ్చినదీ కారణమైనదీ కలగలిసిపోయాయి. పత్రికలు, టెలివిజన్ ఆ భయాన్ని ఇంటింటికీ చేర్చాయి. సుమారు 80 శాతం ఉన్న టీకాల వాడకం 1978 నాటికి 31 శాతానికి పడిపోయింది.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1978లోనూ, మళ్ళీ 1982లోనూ 65 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. టీకా వల్ల మెదడుకు శాశ్వత నష్టం కలుగుతుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 1988లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల నమ్మకం మళ్ళీ కుదురుకొని, వాడకం 90 శాతం దాటింది 1990లలోనే.

ఈ చరిత్రను అజ్ఞానానికీ విజ్ఞానానికీ జరిగిన పోరుగా చదవడం సులభం, కానీ సరికాదు. టీకా మానిన తల్లిదండ్రులు పిల్లలను ప్రేమించనివారు కారు. టీకా విజయం వల్లనే వారు ఆ కూతను ఎన్నడూ వినలేదు. కంటికి కనిపించని జబ్బు కన్న పత్రికలో కనిపించిన బిడ్డ దగ్గరగా తోచింది. అపాయాన్ని ఒక వైపే లెక్కించినప్పుడు ఎంతటి మంచి మనసైనా దారి తప్పుతుంది.

నాటి పూర్తి కణపు టీకా స్థానంలో బ్రిటన్ 2004లో జ్వరం, నొప్పి తక్కువగా కలిగించే శుద్ధి చేసిన టీకాను తెచ్చింది. దాని రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది. 2012 నుంచి గర్భిణులకు టీకా ఇచ్చి, తల్లి ద్వారా శిశువును కాపాడుతున్నారు. అయినా 2024లో ఇంగ్లండులో 14 వేలకు పైగా కేసులు నిర్ధారణ కాగా, 11 మంది శిశువులు మరణించారు. భారతదేశపు సార్వత్రిక టీకాల కార్యక్రమంలో నేటికీ పూర్తి కణపు టీకాయే వాడుకలో ఉంది. హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ దానిని ఐదు జబ్బుల టీకాలో భాగంగా తయారుచేస్తోంది. లీడ్స్‌లో బిడ్డను కని, సెలవులకు విజయవాడకు తీసుకువెళ్ళే కుటుంబానికి ఈ రెండు టీకాలూ రెండు వేర్వేరు పట్టికలలో ఎదురవుతాయి. ఆ పట్టికలు వేరైనా, వాటి వెనుక ఉన్న భరోసా మాత్రం ఒకప్పుడు తమకు ఏ టీకా పడిందో తెలియకుండానే చేతులు చాపిన ఏడున్నర వేల మంది పసిపిల్లలు ఇచ్చినదే.