రాజును విచారించే కమిషన్ ఎలా పుట్టింది

1874 నవంబర్ 9 ఉదయం బరోడాలోని బ్రిటిష్ రెసిడెంట్ కర్నల్ ఫేర్ షికారు నుంచి వచ్చి, రోజూ తన గదిలో పెట్టి ఉంచే పంపరపనస షర్బత్ గ్లాసు అందుకున్నాడు. రెండు మూడు గుక్కలు తాగాడో లేదో, ఎందుకో మనసొప్పక మిగిలింది కిటికీలోంచి పారబోశాడు. గ్లాసు అడుగున నల్లటి మడ్డి కనిపించింది. రెసిడెన్సీ వైద్యుడు సీవార్డ్ ఆ మడ్డిని పరీక్షించి ఇందులో పాషాణం ఉందన్నాడు. ఏవో మెరిసే రవ్వలు కూడా ఉన్నాయన్నాడు. ఆయన మాట ఒక్కటే చాలదు గనుక నమూనాను సీలు వేసి బొంబాయికి పంపారు. ప్రభుత్వ రసాయన పరీక్షకుడు డాక్టర్ గ్రే పాషాణం నిజమేనని ఖాయం చేశాడు. ఆ రవ్వలు వజ్రపు పొడి అయివుంటాయన్నాడు. అనుమానం బరోడా రాజు మల్హర్‌రావు గైక్వాడ్ మీద పడింది.

డాక్టర్ గ్రే పనిచేసిన గ్రాంట్ మెడికల్ కాలేజీ బైకల్లాలో ఉంది. అక్కడి నుంచి కామాటిపురా గల్లీలకు నడిచి వెళ్లొచ్చు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే నిజాం ఇలాకా పల్లెల నుంచి మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి, గోడలు లేపడానికి వచ్చిన తెలంగాణ జనం అక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఆ పేటకు పేరు కూడా వాళ్ల వల్లే వచ్చింది. ఒక రాజు తప్పు చేశాడా లేదా అని తేల్చే సాక్ష్యం వాళ్ల పక్క వీధిలో గాజు గొట్టాల్లో ఉడుకుతున్న రోజుల్లో, దేశంలోకెల్లా పెద్ద సంస్థానం వదిలి బతకబోయి వచ్చిన వీళ్లు నెత్తిన తట్టలతో బొంబాయిని కడుతున్నారు. రాజుల మీద విచారణ అనే ఏర్పాటు ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంతకు ముందు ఈస్టిండియా కుంపిణీకి ఇంత తతంగం అవసరం ఉండేది కాదు. ఏదో ఒక తప్పు చూపి రాజ్యం కలిపేసుకుంటే సరిపోయేది. మైసూరులో నగర ప్రాంతం రైతులు తిరగబడితే, 1831లో గవర్నర్ జనరల్ బెంటింక్ ముందు పాలన లాగేసుకున్నాడు. తిరుగుబాటుకు కారణాలేమిటని అధికారుల కమిటీ వేసింది ఆ తర్వాత. శిక్ష ముందు, విచారణ వెనక. ఆ కమిటీ నివేదిక చదివాక తాను తొందరపడ్డానేమోనని బెంటింక్‌కే అనిపించింది. అయినా మైసూరు గద్దె మళ్లీ రాజవంశం చేతికి రావడానికి 1881 దాకా పట్టింది.

మన కర్నూలు కథ ఇంకా చిన్నది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ మందుగుండు పోగేస్తున్నాడని అనుమానం వచ్చి కమిషనర్లను పంపారు. కోట తోటల్లో, జనానాలో సైతం దాచిన ఫిరంగులు బయటపడ్డాయి. జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కుంపిణీ పాలనలోకి పోయింది. 1856లో అవధ్ కూడా దుష్పరిపాలన పేరుతోనే పోయింది. ఆ పేరుతో పోయిన రాజ్యాలన్నీ ఎవరి ఖాతాలో పడ్డాయో జనానికి తెలుసు. మరుసటి ఏడాది సిపాయిలు లేచినప్పుడు ఆ కోపం కూడా అందులో ఉంది.

1858లో విక్టోరియా రాణి ప్రకటన వచ్చింది. ఇక రాజ్యాలు కలుపుకోం అన్నారు. 1862లో వైస్రాయ్ కానింగ్ దత్తత హక్కునిచ్చే సనదులు ఇచ్చి ఆ మాటను కాగితం మీద ఖాయం చేశాడు. సంస్థానాధీశులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ సర్కారుకు కొత్త చిక్కు వచ్చింది. రాజు జనాన్ని పీడిస్తుంటే, రెసిడెంట్ మాట పెడచెవిన పెడుతుంటే, రాజ్యం కలుపుకోకుండా ఆ రాజును దారికి తెచ్చేదెలా? వట్టి వైస్రాయ్ హుకుం అంటే రాజులందరూ భయపడతారు. కోర్టుకు ఈడ్వడానికి రాజు మామూలు ముద్దాయి కాడు. ఈ ఇరుకులోంచే కమిషన్ పుట్టింది.

బరోడాలో మల్హర్‌రావు గైక్వాడ్ 1870లో గద్దె ఎక్కాడు. అన్న ఖండేరావు మనుషుల మీద కక్ష తీర్చుకున్నాడు. వాళ్లలో కొందరు చెరలోనే చనిపోయారు. షావుకార్ల ఆస్తులు గుంజుకున్నారు, రైతుల మీద శిస్తుతో పాటు కొత్త నజరానా పడింది, కొరడా దెబ్బలు మామూలైపోయాయి, ఊళ్లలోని ఆడవాళ్లను బలవంతంగా తెచ్చి మహల్‌లో దాసీలుగా పెట్టారని ఫిర్యాదులు వచ్చాయి. 1873 నవంబర్‌లో కర్నల్ మీడ్ అధ్యక్షుడుగా నలుగురి కమిషన్ బరోడాలో కూర్చుంది. అందులో జైపూర్ కొలువు నుంచి వచ్చిన నవాబ్ ఫైజ్ అలీ ఖాన్ ఒక్కడే మనవాడు. డిసెంబర్ దాకా వాళ్లు అర్జీలు విన్నారు. పల్లెటూరి రైతు వచ్చి తన రాజు మీద నోరు విప్పి చెప్తే తెల్లదొర రాసుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. ఆ రైతుల్లో చాలామంది చెప్పింది నిజమేనని నేను నమ్ముతాను.

నివేదిక చూసి వైస్రాయ్ నార్త్‌బ్రూక్ 1875 డిసెంబర్ ఆఖరు దాకా గడువిచ్చాడు. ఈలోగా పాలన బాగుపడాలి, లేకపోతే గద్దె పోతుంది. బొంబాయి నుంచి వెళ్లిన దాదాభాయ్ నౌరోజీ దివాన్‌గా దాన్ని చక్కదిద్దడానికి ప్రయత్నించాడు. ఆయనకు మల్హర్‌రావు కంటే ఫేర్‌తోనే ఎక్కువ తలనొప్పి. ఫేర్‌ను ఇక్కడి నుంచి మార్చండని మల్హర్‌రావు నవంబర్ 2న వైస్రాయ్‌కి ఖరీతా రాశాడు. వారం తిరిగేసరికి షర్బత్ సంగతి బయటికొచ్చింది.

దర్యాప్తుకు బొంబాయి పోలీస్ కమిషనర్ ఫ్రాంక్ సౌటర్ దిగాడు. ఆయన మనిషి అక్బర్ అలీ రెసిడెన్సీ హవల్దారు రావుజీ పటకా వెతికితే, కుట్టులో దాచిన పాషాణం పొట్లం దొరికింది. ఈ ఒక్క పొట్లం మీద ఎన్ని రోజుల వాదం నడిచిందో! మల్హర్‌రావు తరఫున లండన్ నుంచి దిగిన సార్జెంట్ బాలంటైన్ అక్బర్ అలీని నిలబెట్టి గుచ్చిగుచ్చి అడిగాడు. విషం పెట్టినవాడు ఆరు వారాల పాటు మిగిలిన పొట్లాన్ని నడుముకే కట్టుకు తిరుగుతాడా అన్నది ఆ వాదంలో ప్రాణం. ఫేర్‌ను మార్చమని అర్జీ పెట్టుకున్న రాజు, అది తేలకముందే విషం ఎందుకు పెట్టిస్తాడన్నది ఇంకొకటి. నిజానికి ఆ నవంబర్ నెలాఖరులోగానే ఫేర్‌ను తప్పించారు.

1875 ఫిబ్రవరిలో కూర్చున్న రెండో కమిషన్‌లో ఆరుగురు. అధ్యక్షుడు కలకత్తా చీఫ్ జస్టిస్ రిచర్డ్ కౌచ్, ఆయనతో మీడ్, మెల్విల్. అటు గ్వాలియర్ సింధియా, జైపూర్ మహారాజు, సర్ దినకరరావు. ఒక రాజు తప్పు తేల్చడానికి తోటి రాజులను కూర్చోబెట్టడం నార్త్‌బ్రూక్ ఎత్తు. తీర్పులో దేశం విడిపోయినట్టే సభ్యులు విడిపోయారు. ముగ్గురు ఇంగ్లీషువాళ్లు నేరం రుజువైందన్నారు, ముగ్గురు హిందూదేశీయులు రుజువు కాలేదన్నారు. సమానమైన రెండు అభిప్రాయాల మధ్య సర్కారు ఏం చేసిందంటే, విషం మాటే పక్కన పెట్టింది. ఏప్రిల్‌లో మల్హర్‌రావును దించుతూ చెప్పిన కారణం అతని దుష్పరిపాలన. అంటే మొదటి కమిషన్ ముందు రైతులు చెప్పిన బాధలు అక్కడ అక్కరకొచ్చాయి. గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. రైతు కన్నీళ్లు సర్కారు దగ్గర ఎప్పుడు బయటికి తీస్తారో ఎప్పుడు లోపల పెడతారో చూపించడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం నాకు దొరకలేదు. మల్హర్‌రావును మద్రాసు పంపారు, 1882లో అక్కడే పోయాడు.

ఆ ఖాళీ గద్దె మీద నాసిక్ దగ్గర కవ్లానా పల్లె నుంచి వచ్చిన పన్నెండేళ్ల రైతు పిల్లవాడు కూర్చున్నాడు. అతనే శాయాజీరావు. పెద్దయ్యాక సంఘ సంస్కర్త జోతీరావు ఫులేకు అండగా నిలిచాడు. మీడ్ కమిషన్ కూర్చున్న 1873లోనే, నెలన్నర ముందు, ఫులే పుణేలో సత్యశోధక్ సమాజం పెట్టాడు. బొంబాయిలో దాన్ని మోసినవాళ్లలో కామాటిపురా తెలుగు కంట్రాక్టర్లు ముందున్నారు. జయా కరాడీ లింగు, వ్యంకూ బాళోజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు. మరాఠీ పుస్తకాల్లో కనిపించే ఈ పేర్లు మన బడి పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.

నిజాం మీద మాత్రం ఇలాంటి కమిషన్ ఎన్నడూ కూర్చోలేదు. హైదరాబాద్ వ్యవహారం ఒకటి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది గానీ అది షేర్ల గొడవ. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఖనిజాల గుత్త హక్కు లండన్ వ్యాపారుల చేతికి పోయింది. నిజాం అధికారి అబ్దుల్ హక్ ఆ లాభాల్లో దొంగచాటుగా వాటా వేసుకుని, నిజాం డబ్బుతోనే ఆ షేర్లు కొనిపించాడు. 1888లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ అదంతా తవ్వి తీసింది. సింగరేణి చరిత్ర అలా మొదలైంది. వెట్టి గురించి, దేశ్‌ముఖుల గడీల గురించి, పటేల్ పట్వారీల గురించి ఆ కమిటీని ఎవరూ అడగలేదు. చెప్పగలిగిన సాక్షులు వేలల్లో కామాటిపురాలో, తర్వాత్తర్వాత ప్రభాదేవి, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో ఉన్నారు. పది అడుగుల ఖోలీలో పది మంది, నీళ్ల కుళాయి దగ్గర తెల్లవారుజామునే బిందెల వరస. కరీంనగర్, నల్లగొండ నుంచి వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లో సాంచాలు నడుపుతున్నారు. దొర పిలిస్తే ఊరికే పోయి చేయాల్సిన పని తప్పించుకోవడానికి బొంబాయి రైలెక్కామని వాళ్లలో ఎందరో తమ పిల్లలకు చెప్పుకున్నారు.

1920 అక్టోబర్ 29న సర్కారు ఈ విచారణకు రాతపూర్వకంగా నియమాలు పెట్టింది. రాజును దించే పరిస్థితి వస్తే కనీసం ఐదుగురి కమిషన్ వేయాలి. అందులో ఒక హైకోర్టు జడ్జీ, ఇద్దరు రాజులు ఉండాలి. ఇది రాజుల రక్షణ కోసం రాసిన పత్రం. ప్రజలు కోరితే కమిషన్ వేస్తామన్న మాట అందులో లేదు.

ఐదేళ్లకే ఆ నియమం బొంబాయి గుమ్మం తొక్కింది. 1925 జనవరి 12 సాయంత్రం మలబార్ హిల్ మీద అబ్దుల్ కాదర్ బావ్లా అనే వ్యాపారిని కారులోనే కాల్చి చంపారు. పక్కనున్న ముంతాజ్ బేగం ఇండోర్ మహల్ నుంచి తప్పించుకు వచ్చిన నర్తకి, ఆమెను ఎత్తుకుపోవడానికే ఆ హంతకులు వచ్చారు. కేసు బొంబాయి హైకోర్టులో నడిచింది, ఒక ముద్దాయి తరఫున జిన్నా వాదించాడు. తర్వాత సర్కారు ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ ముందు రెండు దారులు పెట్టింది: కమిషన్ ముందుకు రా, లేదా గద్దె దిగు. 1926 ఫిబ్రవరిలో ఆయన గద్దె దిగాడు. నెల తర్వాత, సర్కారు చేతిలో ఉన్న బేరార్ ప్రాంతం మీద కమిషన్ వేయమని తానే అడిగిన నిజాంకు వైస్రాయ్ రీడింగ్ మార్చి 27న కుదరదని రాశాడు. బ్రిటిష్ కిరీటమే ఈ దేశంలో సర్వోన్నతమని గుర్తు చేశాడు. కమిషన్ వేసే హక్కు సర్కారుది, అడిగే హక్కు నిజాంకు సైతం లేదు.

మరి ప్రజలు? 1927 డిసెంబర్‌లో ఆ ప్రజలు బొంబాయిలోనే సమావేశమయ్యారు. అఖిల భారత సంస్థాన ప్రజా పరిషత్తు తొలి సభకు అధ్యక్షుడు ఏలూరు న్యాయవాది మోచర్ల రామచంద్రరావు. 1929లో మళ్లీ బొంబాయిలో జరిగిన సభకు అధ్యక్షుడు విజయనగరంలో పుట్టి అలహాబాద్ లీడర్ పత్రికను నడిపిన సి.వై. చింతామణి. సర్కారు కమిషన్ వేయకపోతే మనమే వేద్దామని అక్కడ తేల్చుకున్నారు. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ మీద పరిషత్తు సొంతంగా విచారణ సంఘం నియమించింది. ఆ సంఘం పంజాబ్ వెళ్లి సాక్ష్యాలు రాసుకుని 1930లో పుస్తకంగా అచ్చు వేయించింది. మీడ్ ముందు అర్జీతో నిలబడ్డ రైతు ఈసారి తన మనుషుల ముందే కూర్చుని చెప్పాడు.

ఆ పుస్తకం వచ్చాక సర్కారు కదలక తప్పలేదు. పరిషత్తు స్వతంత్ర కమిషన్ కావాలంది. వైస్రాయ్ మాత్రం పంజాబ్ సంస్థానాల ఏజెంట్ ఫిట్జ్‌పాట్రిక్ ఒక్కడికే ఆ పని అప్పగించాడు. ఆయన ఆ వేసవిలో డల్హౌసీలో కూర్చున్నాడు, పరిషత్తు వాళ్లు ఆయన ముందుకు వెళ్లలేదు. భూపిందర్ సింగ్ మీద ఆరోపణలన్నీ కుట్ర అని ఆయన రాశాడు. అప్పటికి ఆ మహారాజే సంస్థానాధీశుల సభ అయిన నరేంద్ర మండలికి చాన్సలర్.