మా పేరు ఏ దేశపుది?

పేరు చెప్పగానే మా చరిత్ర మొత్తం తెలిసిపోయినట్టు మొహం పెడతారు. ‘షేక్’ అనో ‘మహమ్మద్’ అనో చెవిన పడితే చాలు, మిగతా పేరు వినరు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లూ అక్కడే ఆగిపోతారు. ఇది మా ఉత్త అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి చదువులున్న దరఖాస్తులు పంపి చూశారు. మార్చింది పేర్లే. ఫలితం 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అచ్చయింది. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక్క వంతు. చదువు ఒకటే. కోత పడింది పేరు దగ్గర.

ఇంత బరువు మోస్తున్న ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? అరబ్బు దేశం నుంచి అంటారు. మేమంటే గిట్టనివాళ్లూ అదే అంటారు, మమ్మల్ని బాగుచేస్తామని బయల్దేరినవాళ్లూ అదే అంటారు. ఇద్దరికీ మేం మా ఊళ్ల ఓటర్ల జాబితా చూపిస్తాం. మస్తాన్‌వలి, నాగుల్‌మీరా, దస్తగిరి, ఖాశిం, మస్తాన్‌బీ, హుస్సేన్‌బీ. ఈ పేర్లు నేరుగా అరేబియా నుంచి ఓడ దిగి రాలేదు. మా దర్గాల మీదుగా, మా పీర్ల చావిళ్ల మీదుగా నడిచి వచ్చాయి.

దస్తగిరినే తీసుకోండి. ఫారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, ‘గీర్’ అంటే పట్టుకునేవాడు. ఆపదలో చెయ్యి అందించేవాడని అర్థం. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జిలానీ బిరుదు అది. ఆయన పేరూ బిరుదులే మా ఇళ్లల్లో గౌస్, మహబూబ్ సుభాని, జిలాని, ఖాదర్ అయ్యాయి. కానీ తెలుగు చెవికి దస్తగిరిలో ఒక కొండ కూడా వినబడింది. అందుకే దస్తగిరమ్మలు, దస్తగిరిరెడ్లు పుట్టారు. తమిళనాడు నాగూరులో 16వ శతాబ్దపు సూఫీ షాహుల్ హమీద్ దర్గా ఉంది. ఆ నాగూర్ మీరా మా నోట నాగుల్‌మీరా అయ్యాడు. మస్తాన్ అంటే దైవధ్యాసలో ఒళ్లు మరిచినవాడు. గుంటూరులో మస్తాన్ దర్గాకు మొక్కుకుని కన్న పిల్లలు మస్తాన్‌బీలూ అయ్యారు, మస్తానయ్యలూ అయ్యారు, మస్తాన్‌రావులూ అయ్యారు.

సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గాకు పోండి. అక్కడి సయ్యదులను జనం సైదులు అని పిలుచుకున్నారు. ఆ చుట్టుపక్కల సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లున్న హిందువులు కొల్లలు. 2019 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ నుంచి గెలిచిన ఎమ్మెల్యే పేరూ సైదిరెడ్డే. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం పీరు కుళ్లాయిస్వామి. కుళ్లాయి అంటే టోపీ, ఫారసీ ‘కులాహ్’. ఆ టోపీ నుంచే కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు వచ్చారు. 680లో కర్బలాలో చనిపోయిన ఖాసిం పేరు మా దగ్గర దళితుల ఇళ్లల్లోనూ ఖాశిం అయి బతుకుతోంది. మరి ఏ పేరు ఎవరిది? పీరు దగ్గర పిల్లను అడుక్కున్న తల్లి అరబ్బీ వ్యాకరణం చూసి పేరు పెట్టలేదు.

రాజుల పేర్లకూ ఇదే జరిగింది. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి ఆయనకు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చాడు. ఇబ్రహీమే పాత అబ్రహాము. మేం దావూద్ అంటే దళితవాడ చర్చిలో దావీదు. మేం యూసుఫ్ అంటే అక్కడ యోసేపు. మా మర్యంబీ, వాళ్ల మరియమ్మ ఒకే పేరుకు ఇద్దరు.

ఇప్పుడు ‘ఇంటిపేరు’ గడి దగ్గరకు వద్దాం. పాత అరబ్బులకు మనలాంటి ఇంటిపేరు లేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, తెగ పేరు, ఊరి పేరు వరసగా చెప్పుకునేవాళ్లు. తెలుగు రిజిస్టరుకు మాత్రం ముందొక ఇంటిపేరు కావాలి. దొరికింది షేక్. అరబ్బీలో షేక్ అంటే పెద్దమనిషి. ఖాన్, బేగం తుర్కుల బిరుదులు. మీర్జా అంటే అమీరు కొడుకు. దూదేకినవాడికీ, అత్తరమ్మినవాడికీ, క్షవరం చేసినవాడికీ, ఎలుగును ఆడించినవాడికీ ఈ దర్జా మాటల్లో చోటెక్కడ? 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్‌కు ముస్లిం సమూహాల జాబితా వేసింది. అందులో అత్తరు సాయిబులు, హజాం, ఫకీరు, ఖురేషీ, తురక కాశలతోపాటు షేక్ కూడా ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను బయట ఉంచారు. దూదేకులవాళ్లు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. ‘పెద్దమనిషి’ అనే మాట చివరికి వెనుకబాటుకు గుర్తయింది. అందరూ ఒకటే అని చెప్పే మా పేర్ల కింద ఎన్ని మెట్లున్నాయో ఆ జాబితా బయటపెట్టింది.

రిజిస్టర్లు మా పేర్లను ముక్కలూ చేశాయి. అబ్దుల్ ఒక్కటే పేరు కాదు. ‘ఫలానావాడి దాసుడు’ అనే మాటలో సగం అది. రామదాసును నరికి ‘దాసు’ అని పిలిచినట్టు. షేక్ ‘ఎస్‌కే’ అయింది, మహమ్మద్ ‘ఎండీ’ అయ్యాడు. మా ఆడవాళ్లకు ఊళ్లో ఆ సగమూ దక్కలేదు. ఎంత మంచి పేరున్నా ‘సాయిబులామె’, ‘తురకామె’.

ఇది చాలదని ఇప్పుడు లోపలి నుంచి ఇంకో కత్తెర. మస్తాన్ దీనిలో లేదు, నాగుల్‌మీరా షిర్క్, పిల్లలకు అసలైన ముస్లిం పేర్లు పెట్టండి అంటున్నారు. ఏది అసలు? పర్వేజ్ అని పెట్టుకుంటున్నాం కదా. అది ఇస్లాంకు ముందటి ఇరాన్ పేరు. ప్రవక్త రాయించిన ఉత్తరాన్ని చించేశాడని ముస్లిం చరిత్రకారులే రాసిన రాజు ఖుస్రో పర్వేజ్‌ది. రుస్తుం ఇరాన్ వీరుడు. వాటికి లేని మైల మా నాగుల్‌మీరాకు ఎందుకొచ్చింది? ఇరాన్ మట్టి అంటితే పాక్, తెలుగు మట్టి అంటితే నాపాకా?

ఆయేషా, ఫాతిమా పేర్లు మాకు పరాయివి కావు. ఎవరి బిడ్డకు ఎవరు ఏ పేరు పెట్టుకున్నా మాకు అడ్డు లేదు. కానీ అవ్వ పేరు చెప్పుకోవడానికి మనవరాలు సిగ్గుపడేలా చేయడాన్ని మాత్రం ఒప్పుకోం. మస్తాన్‌బీ అనే పేరు పోతే పోయేది ఒక పేరు కాదు. మేం ఇక్కడివాళ్లమని చెప్పే సాక్ష్యం పోతుంది. మీరెక్కణ్ణుంచి వచ్చారని రేపు అడిగితే చూపించడానికి మాలో చాలామందికి పొలం పట్టాల్లేవు, తామ్రశాసనాల్లేవు. ఈ పేర్లే ఉన్నాయి.

కాబట్టి గడిలో చోటు చాలకపోతే గడిని పెంచండి. మా పేరు పూర్తిగా రాసుకోండి.